ఫోన్ ఆన్‌లో ఉంటే నువ్వు ఒంటరిగా వెళ్ళినట్టే కాదు!

నమస్కారం. కోడంబాకంలో అదే గది, అదే కిర్రుమనే ఫ్యాను, అదే మనిషి. సౌండ్ బాగాలేదని ముందే తిట్టకండి. మే నెల చెన్నైలో ఫ్యాను ఆపి వీడియో చేయమంటే నా వల్ల కాదు.

గొడవేంటో మీకు తెలుసు. పోయిన వీడియోలో ఒక్క మాటన్నాను. ఫోన్‌లో నెట్ ఆన్ చేసుకుని పరాయి దేశం వెళ్ళినవాడు ఒంటరిగా వెళ్ళినట్టు కాదు, అన్నాను. అంతే! మైలాపూర్‌లో ఉండే మా పెద్దనాన్నగారి అబ్బాయి, బ్యాంకాక్ సోలో ట్రిప్ చేసొచ్చిన పెద్దమనిషి, నాతో మాట్లాడటం మానేశాడు. మొన్న పెళ్ళి భోజనాల్లో ఎదురుపడితే సాంబారు బకెట్ వంక చూసుకుంటూ వెళ్ళిపోయాడు. సారీ చెప్పెయ్ అని ఇంట్లో అందరూ అంటున్నారు. చెప్పను. ఇంకో మెట్టెక్కి చెబుతున్నా, వినండి: నెట్ ఉన్నవాడికి అసలా ఊరే కనపడదు!

అన్నయ్య బ్యాంకాక్‌లో దిగిన మొదటి గంట వీడియో నేను చూశాను. విమానం దిగీ దిగగానే డేటా ఆన్. పెద్దమ్మకి వీడియో కాల్. "అమ్మా, ఇదిగో ఎయిర్‌పోర్టు. అమ్మా, ఇదిగో ట్యాక్సీ." పెద్దమ్మ ఇక్కణ్ణుంచి, "ఆ డ్రైవరు మొహం ఒకసారి చూపించరా" అంటోంది. ఇది ఒంటరి ప్రయాణమా? తల్లీకొడుకులిద్దరూ వెళ్ళారు, టికెట్టు మాత్రం ఒకటే కొన్నారు! ఆ తర్వాత ఏముంది, మ్యాపులో నీలం చుక్క. చుక్క ఎటు జరిగితే మా అన్నయ్య అటు. తలెత్తితే గదా బ్యాంకాక్ కనపడేది! ఆ చుక్కని చూడటానికి అంత దూరం ఎందుకు, పాండీ బజార్‌లో కూడా అదే చుక్క, అదే నీలం.

సరే, నీకెలా తెలిసింది ఇదంతా అంటారు. నా తెలివి వల్ల కాదు లెండి, తెలివితక్కువతనం వల్లే తెలిసింది.

టోక్యో వెళ్ళాను. సింగపూర్‌లో విమానం మారి నరీటాలో దిగాను. శనివారం సాయంత్రం. శనివారం అని ఎందుకు చెబుతున్నానంటే ఆ రోజు నేను నీచు ముట్టను, ఆ కథ ముందుంది. నరీటా పేరుకే టోక్యో ఎయిర్‌పోర్టు, ఊరికి సుమారు 60 కిలోమీటర్ల దూరం. మనలాగా ఎయిర్‌పోర్టు బయటికొచ్చి, ఎదురుగా తిరుసూలంలో లోకల్ ఎక్కి చటుక్కున ఇంటికి పోవడం కుదరదు. ఫోన్‌లో చార్జింగ్ 9 శాతం. మబ్బుల్ని వీడియో తీశాను మరి దారంతా! పవర్ బ్యాంకు కోడంబాకంలో ఫ్రిజ్ మీద భద్రంగా ఉంది. చార్జరుంది, కానీ వాళ్ళ ప్లగ్గుకి రెండు చదును రేకులు పట్టే సన్నటి కన్నాలుంటాయి. మన గుండ్రటి పిన్ను దూరదు. అడాప్టర్ అనేదొకటి కొనుక్కోవాలని నాకెవరూ చెప్పలేదు. అంటే, చెప్పారు, నేను వినలేదు.

నరీటా నుంచి నిప్పొరి దాకా ఒక రైలు. అక్కణ్ణుంచి యమనోతే లైను. అది ఊరి నడిబొడ్డు చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది, 30 స్టేషన్లు, ఒక చుట్టుకి గంట. నేను దిగాల్సింది షిన్-ఓకుబో. దాని తర్వాతది షింజుకు. పార్క్ స్టేషను వేరు, పార్క్ టౌన్ స్టేషను వేరు అని తెలియక ఎండలో రోడ్డు దాటిన చెన్నైవాళ్ళకి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. కునికిపాట్లలో ఉన్నాను, "షిన్" అన్నంతవరకూ చెవిన పడింది, బ్యాగు తీసుకుని లేచేసరికి తలుపులు మూసుకున్నాయి. షింజుకులో దిగాను. మ్యాపు చూద్దామని జేబులోంచి తీస్తే ఫోన్ చచ్చిపోయి ఉంది.

షింజుకు అంటే ఏమనుకున్నారు? ప్రపంచంలోకెల్లా రద్దీ అయిన స్టేషనని గిన్నిస్‌కెక్కింది. కరోనాకి ముందు లెక్కల్లో రోజుకి సుమారు 35 లక్షల మంది. బయటికి దారులు 200 పైచిలుకు. మన సెంట్రల్లోనే ప్లాట్‌ఫారం వెతుక్కుంటూ రైలు పోగొట్టుకున్న మనిషిని నేను!

ఇదిగో, అసలు విషయం ఇక్కడుంది. అప్పుడు మొదలైంది టోక్యో. అంతకు ముందు రెండు గంటలు నేను టోక్యోలో లేను, ఫోన్‌లో ఉన్నాను. మొదట చెవికి తెలిసింది. అంత జనం నడుస్తుంటే మాటలు లేవండీ, చెప్పుల చప్పుడు మాత్రమే. రైల్లో ఫోన్ మాట్లాడటం అక్కడ మర్యాద కాదు, నిద్రపోయేవాళ్ళు నిద్రపోతారు, మిగతావాళ్ళు ఊరుకుంటారు. యమనోతే లైనులో రైలు కదిలే ముందు చిన్న ట్యూన్ వేస్తారు. బెంచీ లేక ఒక స్తంభానికి ఆనుకుని ఆ ట్యూన్ పదిహేను సార్లు విన్నాను. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి, కానీ ట్యూన్ మాత్రం కంఠతా వచ్చేసింది.

తర్వాత ఒక పెద్దాయన కనిపించారు. చూపు లేదు, చేతిలో తెల్ల కర్ర. నేల మీద పసుపు రంగు బుడిపెల పలకలుంటాయి చూడండి, మన మెట్రో స్టేషన్లలో కూడా ఉంటాయి, నేనది డిజైను అనుకునేవాణ్ణి, నిజం! అవి చూపులేనివాళ్ళ కోసం జపాన్‌లోనే పుట్టాయి, 1967లో ఒకయామా అనే ఊళ్ళో మొదట వేశారు. ఆయన ఆ పలకలు తడుముకుంటూ ఎక్కడా ఆగకుండా పోతున్నారు. నేను ఆయన వెనకాలే పోయాను. రెండు కళ్ళూ ఉన్నవాణ్ణి, కర్ర చప్పుడు పట్టుకుని బయటపడ్డాను. నీలం చుక్క ఉండుంటే ఆయన నా కంటికి కనపడేవారా? చెప్పండి. చెప్పరు!

బయట ఒక్క అక్షరం చదవడం రాదు. అయితే ఇది నాకు కొత్త కాదు. పదేళ్ళ క్రితం నెల్లూరు నుంచి చెన్నై వచ్చినప్పుడు తమిళ బోర్డు చదవలేక బస్సు నంబరు చూసి ఎక్కేవాణ్ణి. ఎంఏ చదివినవాణ్ణి, పక్కనున్న పూలమ్మే ఆవిణ్ణి "అక్కా, ఇది ఎక్కడికి పోతుంది" అని అడిగేవాణ్ణి. అప్పుడు చెన్నైని ఎంత చూశానో! ఇప్పుడు తమిళం వచ్చు, ఫోన్‌లో యాప్ ఉంది, బస్సులో ఎవరి మొహమూ గుర్తుండదు.

మా అమ్మ గట్టిది. బయల్దేరే ముందు పాత డైరీలోంచి కాగితం చింపి, దిగే చోటి అడ్రసు రాయించి పాస్‌పోర్టులో పెట్టించింది. "ఏ కాలంలో ఉన్నావమ్మా" అని నవ్వాను కూడా. ఆ కాగితం తీసి చూస్తే వీధి పేరు లేదు. పేట పేరు, మూడు అంకెలు, అంతే. తర్వాత తెలిసింది, టోక్యోలో చాలా వీధులకి పేర్లే ఉండవట! పేటని చోమెలుగా విడగొడతారు, చోమెలో దిమ్మలకి, అంటే బ్లాకులకి, నంబర్లు, దిమ్మలో ఇళ్ళకి నంబర్లు. ఆ ఇంటి నంబర్లయినా వరసగా ఉంటాయా? పాత పేటల్లో కొన్నిచోట్ల ఉండవు, పాతకాలంలో ఏది ముందు నమోదైతే దానికి ముందు నంబరు ఇచ్చుకుంటూ పోయారు. ఒకటో నంబరు పక్కన ఏడు ఉండొచ్చు. నవ్వకండి! మన చెన్నై తక్కువ తిందా? "ఓల్డ్ నంబర్ 14, న్యూ నంబర్ 27." పోస్టుమ్యాన్‌కి పాతది కావాలి, పార్సిల్ కుర్రాడికి కొత్తది కావాలి, ఇంటాయనకి రెండూ గుర్తుండవు. ఈ రెండు ఊళ్ళకీ వియ్యం కలపాలి అసలు.

ఎక్కడున్నాం? ఆ, కాగితం. వీధి మొగలో కోబన్ ఉంది. చిన్న పోలీసు గది, ఇద్దరు ముగ్గురు ఉంటారు, 1870ల నుంచి ఉన్న పద్ధతి. దారి చెప్పడం వాళ్ళ పనుల్లో ఒకటి. మన దగ్గర పోలీసు స్టేషన్లోకి అడ్రసు అడగడానికి వెళ్తామా! గుమ్మం దగ్గరే మూడు నిమిషాలు తచ్చాడాను. లోపలున్న కుర్ర పోలీసాయన పెద్ద మ్యాపు పుస్తకం తీసి, కాగితంలో అంకెలు చూస్తూ, పెన్సిలు మొనతో దిమ్మలు లెక్కపెట్టుకుంటూ పోయాడు. దొరికింది! తెల్ల కాగితం మీద గీత గీశాడు, మూడు మలుపులు, మలుపు మలుపుకీ ఒక గుర్తు. ఒకచోట రైలు వంతెన బొమ్మ, ఒకచోట కాఫీ కప్పు. మొదటి మలుపు దాకా తనూ వచ్చి, చెయ్యి చాపి చూపించి, వంగి నమస్కారం పెట్టి వెళ్ళాడు. నేను నడిరోడ్డు మీద, రెండు చేతులూ జోడించి, మన పద్ధతిలో.

దారిలో ఆకలి. కొన్బినిలో, అంటే రాత్రంతా తెరిచుండే చిన్న కొట్లో, త్రికోణం అన్నం ముద్దలు మూడు కొన్నాను. లోపల ఏముందో చదవడం రాదు, అడిగించడానికి ఫోన్ లేదు. మొదటిది కొరికాను. ఉప్పు, పులుపు, ఒక్క దెబ్బకి కళ్ళు మూసుకుపోయాయి. ఊరగాయండీ! ఉమెబోషి అంటారు, ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పండు. చద్దన్నంలో ఊరగాయ బద్ద నంజుకున్నట్టే ఉంది, నూనే కారం లేదంతే. జపాన్ మీద నా అభిప్రాయం అక్కడే ఖరారైపోయింది. రెండోది విప్పితే చేప. శనివారం! మూడోదీ చేపే. రెండూ ఆదివారం పొద్దున్నకి దాచాను. ఆ కాగితాలు పారేద్దామంటే వీధుల్లో చెత్తడబ్బాలు లేవు. 1995లో సబ్‌వేలో సరీన్ విషవాయువు దాడి జరిగాక చాలాచోట్ల తీసేశారు. రాత్రంతా నా చొక్కా జేబు చేపల వాసన.

ఇంకో మాట. మన తెలుగువాడే, మన చెన్నపట్నంవాడే, ఏనుగుల వీరాస్వామయ్యగారు. అప్పటి మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే ఒక భాష మాటలు ఇంకో భాషలో చెప్పే ఉద్యోగం. 1830 మేలో తండయార్‌పేట మీదుగా కాశీకి బయల్దేరారు, 15 నెలలకి గానీ తిరిగి రాలేదు. వెంట సుమారు వంద మంది జనం, బోయీలు, గుడారాలు. అయినా సరే, ఆయనే ఒంటరి ప్రయాణికుడు అంటాను నేను! ఎందుకంటే చూసిందంతా స్నేహితుడు శ్రీనివాస పిళ్ళైకి ఉత్తరాలుగా రాసేవారు. ఉత్తరం ఎప్పుడు చేరుతుందో, జవాబు ఎప్పుడొస్తుందో! ఈలోపు ఊరితో ఆయనే తేల్చుకోవాలి. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఏ దారిలో రాళ్ళున్నాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, అన్నీ కళ్ళతో చూసి రాశారు. మా అన్నయ్యని బ్యాంకాక్‌లో ఏం చూశావని అడగండి, హోటల్ వైఫై స్పీడు చెబుతాడు.

మా చెల్లెలు ఒక ప్రశ్న వేసింది. "ఆడపిల్ల రాత్రి తొమ్మిదింటికి ఫోన్ లేకుండా ఆ స్టేషన్లో నిలబడితే కూడా నువ్విలాగే ట్యూన్ గురించి చెప్పేవాడివా అన్నయ్యా?" దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. లొకేషన్ పంపి ఫోన్ బ్యాగులో వేసుకోమన్నాను. "అప్పుడు నేను ఒంటరిగా వెళ్ళినట్టా, కాదా?" అంది. వాదనలో అది నాకన్నా చురుకు, అందుకే వీడియోలో కూర్చోమంటే కూర్చోదు.

ఇక నిన్న జరిగింది కూడా చెప్పేస్తా, లేకపోతే అదే మీకు చెబుతుంది. పానగల్ పార్క్ దగ్గర ఒక విదేశీ పెద్దావిడ నన్ను ఆపారు. చేతిలో కాగితం. చేత్తో రాసిన అడ్రసు, ఓల్డ్ నంబర్, న్యూ నంబర్, రెండూ ఉన్నాయి. ఆ వీధి మూడో మలుపులోనే, నాకు బాగా తెలుసు. నేనేం చేశాను? జేబులోంచి ఫోన్ తీసి మ్యాపు తెరిచి, ఆ నీలం చుక్క ఆవిడకి చూపించాను. పక్కనే ఉన్న మా చెల్లెలు ఆ కాగితం లాక్కుని, బ్యాగులోంచి పెన్ను తీసి, వెనకవైపు గీత గీయడం మొదలుపెట్టింది.