తెగిన నరం లోపల

శ్రోతలకు నమస్కారం.

మా మేనమామది దేవరకొండ దగ్గర పల్లె. పోయిన వానాకాలం పంటకు, కోత మిషన్ దిగబడే మడి ఒకటి మిగిలితే కొడవలితో కోస్తూ ఎడమ మణికట్టు కోసుకున్నాడు. చిటికెన వేలి వైపు నరం తెగింది. నల్లగొండలో డాక్టరు తెగిన రెండు కొసలనూ కలిపి కుట్టారు. గాయం మానింది గానీ చిటికెన వేలు చెక్కముక్కలాగే ఉండిపోయింది. "అల్లుడూ, కరెంటు తీగ అతికిస్తే బల్బు వెలగాలి కదా, మరి నాకెందుకు వెలగలేదు?" అని అడిగాడు. ఏళ్ల తరబడి జంతుశాస్త్రం చెబుతున్నాను, పాఠం ఇంత సూటిగా అడిగిన విద్యార్థి లేడు.

మణికట్టులోని ఒక్కో నరపు పోగు, ఒక్కో జీవకణం చాచిన చెయ్యి. ఆ కణం అసలు ఒళ్లు మెడ దగ్గర వెన్నుపాములోనో, దాని పక్కనో ఉంటుంది. తెగితే పైముక్క కణంతోపాటు బతుకుతుంది. కుట్టు ఎంత నేర్పుగా వేసినా కిందిముక్క చనిపోతుంది.

దీన్ని 1850లో మొదట వివరంగా చూసినవాడు ఇంగ్లండుకు చెందిన అగస్టస్ వాలర్. కప్ప నాలుకకు వెళ్లే నరాలను కోసి, రోజుల తరబడి సూక్ష్మదర్శినిలో చూశాడు. నున్నటి పోగులు విరిగిన పాలలా తునకలయ్యాయి. ఆ తర్వాత నూరేళ్లకు పైగా అందరూ అనుకున్నది ఒకటే: సాగర్ ఎడమ కాలువకు నీళ్లు ఆపితే చివరి ఆయకట్టు ఎండినట్టు, పైనుంచి పోషణ ఆగి పోగు ఎండిపోతుందని.

ఆ మాటను తలకిందులు చేసింది ఒక చిట్టెలుక. మామూలు చిట్టెలుకల్లో తెగిన పోగు ఒకటి రెండు రోజుల్లో తునకలవుతుంది. 1989లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వర్ణించిన ఒక జాతిలో అది రెండు మూడు వారాలు చెక్కుచెదరలేదు. నీళ్లు ఆగినా పొలం పచ్చగా ఉందంటే, ఎండిపోవడానికి కారణం వేరే ఉండాలి. రెండు జన్యువుల ముక్కలు అనుకోకుండా ఒకదానికొకటి అతుక్కోవడమే ఆ ఎలుకల విశేషమని 2001 నాటికి తేలింది. 2012లో అసలు దొంగ దొరికాడు. పండ్ల ఈగల్లోనూ ఎలుకల్లోనూ సార్మ్1 అనే జన్యువును తీసేస్తే, తెగిన పోగులు అలాగే నిలిచాయి. పోగును కూల్చే పనిముట్టు బయటినుంచి రాదు, పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉంటుంది! నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిచే సంగతి ఇది.

అది చేసే పనేమిటో 2017లో బయటపడింది. కణంలో శక్తి వ్యవహారాలకు ఎన్.ఎ.డి. అనే పదార్థం తప్పనిసరి. మన ఒంట్లో అది తయారయ్యేది ముఖ్యంగా బి3 విటమిన్ నుంచి. ఒకప్పుడు దక్కను పీఠభూమిలో జొన్నరొట్టెతోనే పూట గడుపుకున్న పేదల్లో ఆ విటమిన్ లోపంతో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది, హైదరాబాదులో పోషకాహార శాస్త్రవేత్త సి.గోపాలన్ బృందం దానిమీద పరిశోధించింది. సార్మ్1 ప్రొటీన్ మేలుకుంటే ఆ ఎన్.ఎ.డి.ని నరికి పారేస్తుంది. శక్తి అడుగంటుతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది, పోగు లోపలి కట్టుబడి తెగిపోతుంది. బి3 మాత్రలు మింగి దీన్ని ఆపవచ్చని మాత్రం అనుకోకండి.

సార్మ్1ను నిద్రపుచ్చేది ఎన్‌మ్‌నాట్2 అనే మరో ప్రొటీన్. కణం ఒంట్లో తయారై, పొలానికి సద్ది మోసినట్టు మణికట్టు దాకా ప్రయాణిస్తుంది. ఎక్కువసేపు నిలవ ఉండేది కాదు, కొన్ని గంటల్లోనే కరిగిపోతుంది. నరం తెగగానే సద్ది ఆగుతుంది, నిల్వ అయిపోతుంది, నిద్రపోతున్నవాడు లేస్తాడు. అందుకే గాయమైన రోజున తెగిన చోటుకు దిగువన కరెంటు పెట్టి పరీక్షిస్తే కండరం చక్కగా అదురుతుంది. నరం బాగుందని భ్రమపడవచ్చు. వారం గడిస్తే ఆ అదురు ఉండదు.

మరి ఇంత విధ్వంసం ఎందుకు? పత్తి కట్టె పీకకుండా ఆ చాళ్లలో మళ్లీ గింజ పడదు. శిథిలాలను, నరపు పోగులను చుట్టుకుని ఉండే ష్వాన్ కణాలూ తెల్లరక్తకణాలూ ఊడ్చి దారి చేస్తేనే పైముక్క నుంచి కొత్త మొలక దిగుతుంది. ఆ విచిత్ర జాతి చిట్టెలుకల్లో నరం మళ్లీ పెరగడం ఆలస్యమైంది కూడా. కాబట్టి సార్మ్1ను ఆపే మందు మా మామకు పనికిరాదు. విన్‌క్రిస్టిన్ వంటి క్యాన్సర్ మందులతో కాళ్లూ చేతులూ మొద్దుబారే రోగుల సంగతి వేరు. అక్కడ నరం తెగకుండానే ఇదే కూల్చివేత మొదలవుతుంది. సార్మ్1 లేని ఎలుకలు ఆ మందు దెబ్బను తట్టుకున్నాయి.

కొత్త మొలక రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మామ మణికట్టు నుంచి చిటికెన వేలి కొస దాకా పదహారు సెంటీమీటర్లకు పైగానే ఉంది. డాక్టరు నెలకోసారి అరచేతిమీద వేలితో తట్టి చూస్తారు. ఎక్కడ తడితే వేలిలోకి జివ్వుమంటుందో అక్కడిదాకా మొలక వచ్చినట్టు. మామ ఆ చోట బాల్‌పెన్నుతో చుక్క పెట్టుకుంటున్నాడు. పోయిన ఆదివారం చూపించాడు. మూడో చుక్క అరచెయ్యి దాటి, చిటికెన వేలి మొదట్లో ఉంది.