డి.బి. పెట్టెలో జాయింటు వేయొచ్చా?

(కావలిలో వైరింగ్ పనివాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అన్నలకూ తమ్ముళ్లకూ నమస్కారం.

పాత ఇంట్లో డి.బి., అదే కరెంటును గదులకు పంచే పెట్టె, మారుస్తాం. కొత్త పెట్టె జానెడు పైకి పోతుంది. పాత వైరు ఎం.సి.బి. (కరెంటు ఎక్కువైతే తానే పడి సరఫరా ఆపే స్విచ్) దాకా అందదు. గోడ పగలగొట్టొద్దని ఇంటివాళ్లు అంటారు. అప్పుడేం చేస్తాం? ముక్క వైరు మెలిపెట్టి, టేపు చుట్టి, పెట్టెలో వెనక్కి తోసేస్తాం. పనిలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను. తుమ్మలపెంట వైపు ఒక ఇంట్లో అలా వేసిన జాయింటు రెండేళ్లకే నన్ను వెనక్కి పిలిపించింది. మూత తీస్తే టేపు బొగ్గులా ఉంది, పక్కనున్న రెండు వైర్ల తొడుగు కరిగిపోయింది. ఎం.సి.బి. మాత్రం ఒక్కసారి కూడా పడలేదని ఆ ఇంటి పెద్దాయన చెప్పాడు. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఎం.సి.బి. ఎందుకు పడలేదు? అది చూసేది ఎంత కరెంటు పోతోందన్నదే. లూజు జాయింటు వల్ల కరెంటు పెరగదు, ఆ ఒక్క చోట వేడి పెరుగుతుంది. లెక్క వేయండి. జాయింటు దగ్గర అడ్డు 0.1 ఓమ్ అనుకుందాం, 16 ఆంపియర్లు పోతున్నాయి. 16ను 16తో, దాన్ని 0.1తో గుణిస్తే 25.6 వాట్లు. మీ సంచిలో ఉండే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. దాన్ని ఆన్ చేసి డి.బి.లో వదిలేసి మూత బిగించినట్టే కదా! షాకు నుంచి కాపాడే ఆర్.సి.సి.బి. స్విచ్ కాపాడుతుందా అంటే, అదీ కాపాడదు. ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటుకూ తేడా వస్తేనే అది పడుతుంది. జాయింటు ఎంత కాలినా, ఎర్త్‌కు లీకు కానంతవరకూ ఆ తేడా రాదు.

అమెరికాలో ప్యానెల్లో, అంటే వాళ్ల డి.బి.లో, జాయింటు వేయడం నిషేధమని అక్కడున్న మనవాళ్లు ఫోన్లలో చెబుతుంటారు. అది నిజం కాదు. వాళ్ల వైరింగ్ కోడ్‌లో 312.8 నిబంధన కింద వేయొచ్చు, పెట్టెలో చోటుంటే. ఏ అడ్డకోతలో చూసినా వైర్లు ఆక్రమించే చోటు 40 శాతం మించకూడదు, జాయింట్లతో కలిపితే 75 శాతం మించకూడదు. మెలిపెట్టి టేపు చుడితే మాత్రం ఒప్పుకోరు. ఆ పనికి తగినదని గుర్తించిన కనెక్టర్ గానీ, వెల్డింగ్, బ్రేజింగ్, టంకం లాంటిది గానీ ఉండాలి. పైన ఇన్సులేషన్ అసలు వైరుకు ఉన్నంత గట్టిగా ఉండాలి. ఆ శాతాలు వాళ్ల దేశపు లెక్క. మన దేశపు వైరింగ్ ప్రమాణం ఐ.ఎస్. 732 అడిగేది కూడా ఆ దారిలోదే: జాయింటు గట్టిగా నిలవాలి, తనిఖీకి చేతికందాలి. గోడలోని పైపులో దాచిన జాయింటు కంటే డి.బి.లో కంటికి కనపడే జాయింటే నయమని నేనంటాను.

అన్నిటికంటే నాకు భయం న్యూట్రల్ జాయింటు. త్రీఫేజు ఇంట్లో మెయిన్ న్యూట్రల్ కాలి తెగిందనుకోండి. తక్కువ లోడున్న ఫేజు మీద 230 వోల్టులకు బదులు 300 దాటి, 400 దగ్గరిదాకా రావచ్చు. టీవీ, ఫ్రిజ్, వైఫై పెట్టె ఒకేసారి పోతాయి. అందుకే ఏ వైరు చాలకపోయినా ముక్క కలపండి గానీ, మెయిన్ న్యూట్రల్‌కు మాత్రం కలపొద్దు. అక్కడ కొత్త వైరు లాగాల్సిందే, గోడ పగలాల్సి వచ్చినా సరే.

ఇంకొకటి. సర్వీసు వైరు అల్యూమినియం, లోపలి వైరు రాగి. రెండూ మెలిపెడితే మన ఉప్పుగాలికి ఆ జాయింటు త్వరగా తుప్పు తిని పాడవుతుంది. రెండు లోహాలనూ కలపడానికే చేసిన బైమెటల్ లగ్గు వాడండి.

ఇప్పుడు ఈ బల్ల దగ్గరికి రండి. ఇక్కడ రెండు జాయింట్లు పెట్టాను, ఒకటి మెలిపెట్టింది, ఒకటి కనెక్టర్‌ది. రెండింటిలోనూ ఒకే హీటర్ కరెంటు పావుగంట నుంచి పోతోంది. స్విచ్ కట్టేసి, టెస్టర్‌తో చూసి, ఆ తర్వాత వేలితో తాకండి.