హాజరు పట్టీలో చివరి పేరు

శ్రోతలందరికీ నమస్కారం.

వేసవి సెలవులు అయిపోవచ్చాయి. జూన్ 12న బడులు తెరుస్తారు. ఏ ఇంట్లో చూసినా కొత్త బ్యాగులు, బూట్లు, ఫీజులు, స్కూలు బస్సులు, ఇవే మాటలు. నేను మాత్రం ఇవాళ బస్సు లేని బడి గురించి మాట్లాడదామనుకుంటున్నాను. గుంటూరు, పల్నాడు జిల్లాల పల్లెల్లో చాలాచోట్ల చర్చిని ఆనుకుని ఒక చిన్న బడి కనిపిస్తుంది. గోడ మీద ఆర్‌సీఎం ఎయిడెడ్ ఎలిమెంటరీ స్కూల్ అని రాసి ఉంటుంది. అంటే రోమన్ కేథలిక్ మిషన్ నడిపే, ప్రభుత్వ సాయం అందే బడి అన్నమాట. ఊళ్లో వాళ్లు సిస్టర్ల బడి అంటారు. రెండు గదులు, ఒక వరండా, ముందు వేపచెట్టు. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. ఆ ఇద్దరిలో ఒకరి జీతం ఒక్కోసారి ఆ ఊరి చర్చి ఫాదర్‌గారే ఎలాగోలా సర్దుతారు. అలాంటి బడిలో నేను చాలాకాలం ఒకటీ రెండూ తరగతులకు పాఠాలు చెప్పాను. అందుకే ఆ బడి అంటే నాకు ప్రాణం.

ఈ బడుల వెనక పెద్ద చరిత్రే ఉంది. 19వ శతాబ్దంలో వచ్చిన మిల్‌హిల్ మిషనరీ సంఘం ఫాదర్లు, 1904లో హాలండ్ నుంచి గుంటూరు చేరిన జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సభ సిస్టర్లు, వాళ్లతోపాటు మన ఊళ్లలోని ఉపదేశులు. ఆదివారం గుళ్లో జపాలు చెప్పించిన ఉపదేశే సోమవారం పిల్లల చేత పలక పట్టించేవాడు. మిగతా బడులు గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు, చాలా ఊళ్లలో మొదటి అక్షరం దొరికింది ఇక్కడే. ఆ చరిత్రంతా ఇంకోరోజు చెప్పుకుందాం. ఇవాళ ఒక్క విషయమే చెబుతాను. బడి తెరిచాక పిల్ల ఎప్పుడు వచ్చినా, వచ్చిన రోజే ఆ పిల్ల పేరు పిలవాలి. అంతే. దీనికోసమే ఈ పది నిమిషాలూ తీసుకుంటున్నాను.

ముందు బడి తెరిచే రోజు ఎలా ఉంటుందో కాస్త చెప్పనివ్వండి. సెలవుల్లో తాళం వేసిన గది కదా, తలుపు తీయగానే గబ్బిలాల వాసన. బల్లల మీద వేలు పెట్టి రాస్తే పేరు కనబడేంత దుమ్ము. బీరువా వెనక కందిరీగలు గూడు పెట్టేస్తాయి. తెరవడానికి రెండు రోజుల ముందే ఐదో తరగతి పాసైపోయిన పిల్లలు చీపుర్లు పట్టుకుని వచ్చేస్తారు. వాళ్లు ఆరో తరగతికి హైస్కూలుకు వెళ్లిపోవాలి, అయినా వస్తారు. ఆ బడిని వదల్లేక వస్తారు. నాకైతే ఆ పిల్లల్ని చూస్తే కడుపు నిండిపోయేది.

మొదటి రోజు ఉదయం గుళ్లో దివ్యపూజ ఉంటుంది. పరిశుద్ధాత్మ ప్రార్థన చెబుతారు. ఫాదర్‌గారు పిల్లల పలకల మీద, పుస్తకాల మీద తీర్థం చల్లుతారు. మర్నాడు జూన్ 13, పునీతుడైన పదువాపురి అంతోనివారి పండుగ. 1231లో ఆ రోజునే ఆయన చనిపోయారు. పోయిన వస్తువులు దొరకాలని ఆయనకు మొక్కుకోవడం మనవాళ్లకు అలవాటు. ఇక పిల్లల సంగతి చెప్పాలా? బడి తెరిచి ఒక్కరోజే అయినా అప్పటికే పెన్సిలు పోయినవాళ్లు, రబ్బరు పోయినవాళ్లు, ఒక చెప్పు పోయినవాళ్లు ఉంటారు. అందరూ కళ్లు గట్టిగా మూసుకుని అంతోనివారికి మొరపెట్టుకుంటారు.

ఇక్కడ ఒక మాట. ఈ బడికి వచ్చే పిల్లలందరూ కేథలిక్కులు కారు. కొన్ని బడుల్లో సగానికి సగం హిందువుల పిల్లలే, దూదేకుల ఇళ్ల పిల్లలూ ఉంటారు. చేర్పించేటప్పుడు కొందరు తల్లులు మెల్లగా అడుగుతారు, మావాడు కూడా జపం చెప్పాలా అని. అడగడంలో తప్పేం లేదు, మొహమాటపడకుండా అడగండి. ఎయిడెడ్ బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని ప్రార్థనల్లో పాల్గొనమని బలవంతం చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. మా సిస్టర్‌గారు కొత్తగా వచ్చిన ప్రతి తల్లికీ ఆ మాట తానే ముందుగా చెప్పేవారు. జపం అయ్యేదాకా ఆ పిల్లలు వరసలో ఊరికే నిలబడేవాళ్లు. ఆ తరవాత ప్రతిజ్ఞ మాత్రం అందరూ కలిసి చెప్పేవాళ్లు. దేశమంతా చెప్పే ఆ ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసింది మన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారే. ఆ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు ఇంకాస్త నిటారుగా నిలబడేవారు.

సరే, అసలు విషయానికి వస్తాను. హాజరు.

కొన్నేళ్ల కిందటి మాట. జూన్ అయిపోయింది. జులై మొదటివారం. వానలు మొదలయ్యాయి. పదిన్నరైంది. హాజరు పిలవడం అయిపోయి, నేను రెండో తరగతి పిల్లలకు కూడికలు చెబుతున్నాను. గేటు దగ్గర ఒక ముసలమ్మ, ఆమె కొంగు పట్టుకుని ఒక పిల్ల. పిల్లకు ఎనిమిదేళ్లుంటాయి. తలకు నూనె రాసి, బిగించి రెండు జడలు వేశారు. కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో సంచి లేదు. ముసలమ్మ గేటు దాటి లోపలికి రాలేదు. అక్కడి నుంచే చేతులు జోడించి, అమ్మగారూ, అని పిలిచింది.

మా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌గారు బయటికి వెళ్లారు. ముసలమ్మ గబగబా చెప్పుకుపోతోంది. పిల్ల అమ్మానాన్నా అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీ పనికి వెళ్లారట. ఆ పని వానలు పడేదాకా ఉంటుంది. పడ్డాక తిరిగొచ్చారు. మళ్లీ సీజనుకు పోవాలి. ఈసారి పిల్లను తన దగ్గరే ఉంచుకుంటానని ముసలమ్మ పట్టుబట్టింది. "కాగితాలేమీ లేవమ్మగారూ. టీసీ లేదు. బట్టీ కాడ బడికి నాలుగు రోజులు పోయింది, అంతే. ఆధార్ కార్డు ఆళ్లమ్మ ఎక్కడ పెట్టిందో ఏమో. ఆలస్యమైపోయిందని తెలుసు. వచ్చే ఏడాది రమ్మంటే వచ్చే ఏడాదే తీసుకొస్తా." ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. పొమ్మంటారని ముందే నిశ్చయించుకుని వచ్చిన మనిషిలా ఉంది.

సిస్టర్‌గారు ఆమెకు జవాబు చెప్పలేదు. పిల్ల ముందు గొంతుక్కూర్చుని, "ఏం పేరు తల్లీ నీది?" అని అడిగారు.

పిల్ల చెప్పింది. ఆ పేరు నేనిక్కడ చెప్పను. ఇప్పుడు ఆ అమ్మాయి పెద్దదైంది, తన పేరు తనది.

సిస్టర్‌గారు పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. వయసు ప్రకారం మూడో తరగతి కదా, ఆ తరగతి హాజరు పట్టీ తీశారు. మా పట్టీల్లో మగపిల్లల పేర్లు ముందు, ఆడపిల్లల పేర్లు తరవాత ఉంటాయి. అన్నిటికంటే కింద, చివరి గీత మీద, ఆ పిల్ల పేరు పెన్సిలుతో రాశారు. రాసి, ఊరుకోలేదు. "పిల్లలూ, ఇంకోసారి హాజరు పిలుస్తాను" అన్నారు. మొదటి నుంచి. ఒకటో నంబరు నుంచి. అందరూ వింతగా చూశారు. అయినా ఒక్కొక్కరే లేచి, ప్రెజెంట్ సిస్టర్, ప్రెజెంట్ సిస్టర్, అంటూ కూర్చున్నారు. అన్నీ అయ్యాక చివరి పేరు పిలిచారు.

పిల్లకు ఏమనాలో తెలీలేదు. వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచి, ప్రెజెంట్ అను, ప్రెజెంట్ అను, అని గుసగుసగా చెప్పింది. అప్పుడు "ఆ... పెజెంట్" అంది. సిస్టర్‌గారు గళ్లో టిక్కు పెట్టారు. అదీ పెన్సిలుతోనే.

టీసీ సంగతి, ఆధార్ సంగతి ఆ తరవాత అడిగారు. ఆ తరవాతే! ఆ వరస చూడండి. ముందు పేరు, తరవాత కాగితం.

మధ్యాహ్నం భోజనాల వేళ ఇంకోటి జరిగింది. అన్నం గంట కొట్టగానే పిల్లలందరూ పళ్లేలు తీసుకుని వరండాలో కూర్చున్నారు. ఈ పిల్ల మాత్రం వేపచెట్టు కింద నిలబడిపోయింది. ఆకలి లేదేమో అనుకున్నాను. ఐదో తరగతి పిల్ల ఒకత్తి వెళ్లి అడిగితే, "నాకు పళ్లెం లేదుగా" అందట. ఆ ఐదో తరగతి పిల్ల ఏమందో తెలుసా? "నీ పేరు పిలిచారుగా! పిలిస్తే నీక్కూడా అన్నం ఉన్నట్టే" అంది. సిస్టర్‌గారు కాన్వెంటు నుంచి ఒక స్టీలు పళ్లెం తెప్పించారు. పిల్ల తింది, గుడ్డు మాత్రం తినకుండా చేతిలో పట్టుకుంది. సాయంత్రం నాయనమ్మకు ఇద్దామని.

చిన్నపిల్లలు హాజరును ఎలా అర్థం చేసుకుంటారో ఆ రోజు నాకు తెలిసింది. మనకు అది లెక్క. ఎంతమంది వచ్చారు, ఎన్ని గుడ్లు వండాలి, పై ఆఫీసుకు ఏం పంపాలి. వాళ్లకు అది అనుమతి. పేరు పిలిస్తే కూర్చోవచ్చు, తినొచ్చు, నీళ్లు తాగొచ్చు, చెట్టు కింద ఆడుకోవచ్చు. పేరు పిలవకపోతే తాను ఇక్కడ అక్కర్లేని మనిషి.

ఎనిమిదేళ్ల పిల్ల, అక్షరాలు రావు. ఒకటో తరగతిలో కూర్చోబెట్టొచ్చు కదా అని నేనే అడిగాను. సిస్టర్‌గారు ఒప్పుకోలేదు. మూడో తరగతి వరసలోనే కూర్చుంటుంది, అన్నాలయ్యాక అరగంట విడిగా అక్షరాలు నేర్పిద్దాం అన్నారు. నేర్పించింది ఎవరనుకున్నారు? ఆ ఐదో తరగతి పిల్లే. వరండా గచ్చు మీద సుద్దముక్కతో. అ ఆ ల నుంచి కాకుండా ఆ పిల్ల పేరులోని అక్షరాలతోనే మొదలుపెట్టారు. దసరా సెలవుల నాటికి పిల్ల తన పేరు, నాయనమ్మ పేరు, ఊరి పేరు రాసేది. ఈలోగా సిస్టర్‌గారు ఆ బట్టీ దగ్గరి బడికి ఉత్తరం రాశారు. టీసీ పోస్టులో వచ్చింది. ఆ రోజు పట్టీలో పెన్సిలు పేరు మీద పెన్నుతో దిద్దారు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో రెండు ముక్కల్లో చెబుతాను, తల్లిదండ్రులకు పనికొస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం, టీసీ రావడం ఆలస్యమైందని బడిలో చేర్చుకోవడం ఆపకూడదు. పుట్టినతేదీ కాగితం లేదని కాదనకూడదు. బడి తెరిచి చాలా రోజులైందని తిప్పి పంపకూడదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పిల్లకు విడిగా నేర్పించాలి. మా సిస్టర్‌గారు చేసినవన్నీ ఇవే.

అయితే 2014లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మైనారిటీ సంస్థలు నడిపే బడులకు, ఎయిడెడ్ అయినా కాకపోయినా, ఈ చట్టం వర్తించదని. మైనారిటీలు తమ బడులు తామే పెట్టి నడుపుకోవచ్చని రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కును కాపాడటానికి ఇచ్చిన తీర్పు అది. ఆ హక్కు మాకు విలువైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ మనసులో మాట చెప్పాలంటే, ఆ తీర్పును అడ్డం పెట్టుకుని ఏ మిషన్ బడీ గేటు దగ్గర ఒక్క పిల్లను కూడా ఆపకూడదు. చట్టం బలవంతం చేయకపోతేనేం? మన గుళ్లు, మన బడులు మొదలైందే ఎవరూ రానివ్వని పిల్లల కోసం కదా. కూలీనాలీ చేసుకునే ఇళ్లలో పిల్ల బడికి వచ్చే తేదీ జూన్ 12 కాదు. బట్టీ ఆరిపోయిన రోజు, కట్టడం పని అయిపోయిన రోజు.

ఇవాళ హాజరు ఫోన్‌లో వేస్తున్నాం. ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కితేగాని యాప్‌లో పేరు కనబడదు. ఆధార్‌లో ఒక అక్షరం తేడా వస్తే వారాల తరబడి తిరగాలి. టీచర్లకు ఎంత టెన్షనో నాకు తెలుసు. అందుకే వాళ్లకు నా విన్నపం ఒక్కటే. టేబుల్ మీద ఒక కాగితం పెట్టుకోండి. యాప్‌లోకి ఇంకా ఎక్కని పిల్లల పేర్లు దాని మీద రాసుకోండి. ఫోన్‌లో హాజరు అయిపోయాక ఆ కాగితం చూసి, ఆ పేర్లు కూడా పైకి పిలవండి. అర నిమిషం పని. వంటమ్మకు చెప్పే లెక్కలో కూడా వాళ్లను కలపండి.

తల్లిదండ్రులకు, నాయనమ్మలకు, అమ్మమ్మలకు ఒక మాట. ఆలస్యమైందని పిల్లను ఇంట్లో ఉంచేయకండి. కాగితాలు వెతుక్కుంటూ వారాలు పోగొట్టకండి. ఇంతకుముందు పిల్ల చదివిన బడి ఏ ఊళ్లో ఉందో, ఏ మండలమో, ఎన్నో తరగతో, ఇవి మాత్రం ఎవరిచేతైనా ఒక చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీ ఉంటే టీసీ తెప్పించడం బడివాళ్లకు తేలిక. చీటీ చేతిలో పెట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని, ఉదయం తొమ్మిదింటికల్లా, హాజరు పిలవకముందే బడికి వెళ్లండి. గేటు బయట నిలబడొద్దు. లోపలికి వెళ్లి, మా పిల్ల పేరు ఇవాళే రాసుకోండి, ఇవాళే పిలవండి అని అడగండి.

నమస్కారం.