అమెరికాలో అరగంటకి మూడు వేలు, మా రేవులో రెండు కొబ్బరికాయలు

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈ వీడియో రాజమండ్రిలో ఉన్న మా పెద్దత్తయ్య కోసం. మోకాళ్ల నొప్పులతో ఈసారి పండక్కి రాలేకపోయింది. "మన కాలవ రేవు ఒకసారి చూపించవే, మెట్లున్నాయో ఊడిపోయాయో" అని ఒకటే ఫోన్లు. అత్తయ్యా, మెట్లున్నాయి. కింది రెండూ నాచు పట్టాయి. అవతలి గట్టు పక్కన గుర్రపుడెక్క అలాగే ఉంది. అమెరికాలో కాస్ట్కో అనే పెద్ద కొట్లో బియ్యం బస్తా కొన్న వీడియోకి వచ్చే వ్యూస్ దీనికి రావని నాకు తెలుసు, అయినా పెడుతున్నా.

కొత్తగా చూసేవాళ్ల కోసం: మాది రాజోలు దగ్గర పల్లెటూరు, ఉండేది డల్లాస్ పక్కన. ఇవాళ అంతర్వేది వెళ్దామని పొద్దున్నే తయారయ్యాం. కారు రాలేదు. డ్రైవర్ "పది నిమిషాలండి, ఆయ్" అంటూనే ఉన్నాడు. సరే, అందాకా రేవు చూపిద్దామని ఫోన్ పట్టుకుని వచ్చా.

ఇక్కడ మా పిన్ని బట్టలు జాడిస్తోంది. నన్ను చూసి, "ఇంకా ఈత రాలేదా నీకు?" అంది. గోదారి జిల్లాలో పుట్టి ఈత రాదంటే ఎవరూ నమ్మరు. చిన్నప్పుడు చదువు, తర్వాత హాస్టల్, తర్వాత పెళ్లి, ఆ తర్వాత వీసా. కారణాలకేం, కావలసినన్ని ఉన్నాయి.

అమెరికాలో ఈత సంగతి చెప్తా వినండి. మా పాపకి నేర్పిస్తున్న చోట అరగంట క్లాసు 35 డాలర్లు. మన లెక్కలో మూడు వేలు! అది పాఠానికే. స్విమ్ సూట్, గాగుల్స్, టోపీ, ఈ మూడింటికీ ఇంకో ఐదారు వేలు. ముందు కాగితం మీద సంతకం పెట్టాలి, ఏమన్నా అయితే మా పూచీ లేదని. నీళ్లలో దిగేముందు స్నానం చేయాలి. స్నానానికి ముందు స్నానం అన్నమాట. నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, ఎక్కడ ఎన్ని అడుగుల లోతో గోడ మీద రాసుంటుంది. పెద్దవాళ్ల క్లాసుకి వెయిటింగ్ లిస్టు. మనసుకి నచ్చిన స్విమ్ సూట్ దొరకలేదని ఒక సీజను, టీచరు మగాయన అని ఇంకో సీజను పోయాయి. నేను అద్దం ఇవతల బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ పాపని చూస్తుంటా. పక్క బల్ల మీద వాళ్లూ అలాగే చూస్తుంటారు. ఇన్నాళ్లలో ఒకళ్లం ఒకళ్లని పేరు కూడా అడగలేదు.

మళ్లీ రేవులోకి వద్దాం. పిన్నితో "నీళ్లు చల్లగా ఉన్నాయి, పండగ అయ్యాక చూద్దాంలే" అన్నా. "పండగైతే నువ్వు విమానం ఎక్కేస్తావు. ఏప్రిల్లో వస్తే కాలవలు కట్టేస్తారు. దాళ్వాకి, అదే రెండో పంటకి, నీళ్లొదిలారు కాబట్టి ఇప్పుడు నిండుగా ఉంది, దిగు" అంది. నేను మాట వెతుక్కునే లోపు తమ్ముడు రెండు ఎండు కొబ్బరికాయలు తెచ్చాడు. పీచు వలవనివి. కాయకి కొంచెం పీచు లాగి, రెండో కాయ పీచుతో కలిపి ముడేస్తారు చూశారా, మధ్యలో జానెడు ఎడం ఉంటుంది. ఆ ఎడంలో ఛాతీ ఆనించి పడుకుంటే చంకల కింద చెరో కాయ మనల్ని తేలుస్తుంది. మా తాతల కాలం నుంచీ ఇదే పద్ధతి. ఖర్చు సున్నా, కాయలు తర్వాత పచ్చడికి పనికొస్తాయి.

పాప మాత్రం దిగనంది. దానికి ఈత వచ్చు, పతకం కూడా ఉంది. "అడుగు కనపడట్లేదు, నీళ్లు నీలంగా లేవు, గాగుల్స్ లేవు" అంది. "ఈ నదిని ఇంత తిన్నగా ఎవరు గీశారు?" అని అడిగింది. నది కాదమ్మా, కాలవ, కాటన్ దొర పుణ్యం అన్నా. ఇక మా మావయ్య అందుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టారట. కాటన్ అడిగింది ఆరుగురు ఇంజనీర్లని, పైవాళ్లు ఇచ్చింది ఒక కుర్ర అధికారిని, ఇద్దరు సర్వేయర్లని. నది అడుగున రాయి లేదు, ఇసకే ఉంది. ఇసక మీద కట్టడం కావేరి మీది పాత ఆనకట్ట కల్లణై చూసి నేర్చుకున్నాడట. మధ్యలో ఆయనకి జబ్బు చేసి సెలవు మీద వెళ్లాల్సి వచ్చినా పని ఆగలేదు, కెప్టెన్ ఓర్ నడిపించాడు. 1852కి అయిపోయింది. అక్కడి నీళ్లే పి. గన్నవరంలో, కింద గోదారి పాయ వైనతేయ, పైన కాలవ పారే వంతెన, అదే అక్విడెక్టు, దాటి మా రేవుకి వస్తున్నాయి. మావయ్య అక్కణ్ణించి అన్నదాత డొక్కా సీతమ్మ గారి కథలోకి వెళ్లేలోపు పిన్ని నా చెయ్యి పట్టి లాగేసింది.

అబ్బ, చలి! మొదట కాళ్లు కొట్టుకోవడమే, ముందుకి పోతే ఒట్టు. "తల పైకెత్తకే, నీళ్లని తన్నకు, తొయ్యి" అని పిన్ని నడుం లోతులో నిలబడి, చీర చెంగు దోపుకుని, నా గడ్డం కింద అరచెయ్యి పెట్టింది. "లాకుల వైపు మాత్రం పోకు, అక్కడ నీరు లాగేస్తుంది." గట్టు మీద అప్పటికే పది మంది పోగయ్యారు. "కుడి చెయ్యి, కుడి చెయ్యి!" "అమెరికా అమ్మాయి మునిగిపోతోందిరోయ్!" డల్లాస్‌లో మునిగాక లైఫ్‌గార్డు వస్తాడు. ఇక్కడ మునగకముందే ఊరంతా అరుస్తుంది. ఆ అరుపులకి ఏడుపొచ్చింది, నీళ్లలో ఎవరికీ కనపడలేదు. ఈ ముక్క వీడియోలో ఉంచనా తీసేయనా అని ఆలోచిస్తున్నా.

అవతలి గట్టు దాకా వెళ్లలేదండి, అంత లేదు. రేవు మెట్టు నుంచి కొబ్బరిచెట్టు వేరు దాకా వెళ్లా. పిన్ని రేపు ఆరింటికల్లా రమ్మంది, రేపు ఒక కాయే ఇస్తుందట.

కారు ఇప్పుడొచ్చింది. డ్రైవరూ గట్టు మీదే నిలబడి చూస్తున్నాడు. మా ఆయన కూడా అక్కడే, తువ్వాలు పట్టుకుని. ఆయనకీ ఈత రాదు. "షార్ట్స్ తెచ్చుకోలేదు" అంటున్నారు. పిన్ని అప్పుడే మావయ్య లుంగీ తేవడానికి ఇంటికెళ్లింది.