జీబ్రా గీతల దగ్గర ఆగవలసింది బండే

వ్యాఖ్యాత: నమస్కారం. రోడ్డు దాటేటప్పుడు మనమందరం చెయ్యి అడ్డంగా చాపి, వచ్చే బండిని బతిమాలుకుంటున్నట్టుగా అడుగు వేస్తాం. ఇరవై ఏళ్లకు పైగా డ్రైవింగ్ నేర్పుతున్న మాస్టారు ఈ రోజు మనతో ఉన్నారు. మాస్టారూ, జీబ్రా గీతల మీద చట్టం ఎవరి పక్షాన ఉంది?

మాస్టారు: నడిచే మనిషి పక్షానే ఉందమ్మా. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం, సిగ్నల్ గానీ పోలీసు గానీ లేని జీబ్రా క్రాసింగ్‌ను సమీపించే డ్రైవరు వేగం తగ్గించి, ఆగి, పాదచారులకూ చక్రాల కుర్చీలో వెళ్లేవారికీ దారి ఇవ్వాలి. ముందు బండ్లు నిలిచిపోయి, గీతలకు అవతల చోటు లేనప్పుడు వాటి మీదికి ఎక్కి నిలబడకూడదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఈ నిబంధనలను మీరితే 500 నుంచి 1,000 రూపాయల వరకు జరిమానా ఉంది. లైసెన్సు పరీక్ష కోసం ఈ గుర్తును అందరూ చదువుతారు కానీ, పరీక్ష గట్టెక్కాక చాలామందికి అది తారు మీది తెల్లరంగుగానే మిగులుతుంది.

వ్యాఖ్యాత: ఆగితే వెనుక వచ్చేవాడు గుద్దుతాడని భయపడేవారికి మీరేమి చెబుతారు?

మాస్టారు: ఆ భయం నిజమైనదే. అందుకే గీతల దాకా వచ్చి ఒక్కసారిగా బ్రేకు తొక్కమని నేను చెప్పను. దూరం నుంచే యాక్సిలరేటర్ మీద కాలు తీసి, బ్రేకును మెల్లగా అదిమితే వెనుక ఎర్రదీపం వెలిగి, వెనుకవారికి సంగతి ముందే తెలుస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, డ్రైవరు తేరుకోవడానికి ఒక్క సెకనే పట్టినా, పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగేసరికి సుమారు 28 మీటర్లు పోతుంది. 30 కిలోమీటర్ల వేగంలో ఆ దూరం సగానికి తగ్గుతుంది. మిగిలిన ఆ సగంలోనే మనిషి ప్రాణం ఉంది.

వ్యాఖ్యాత: ఒక బండి ఆగినా పక్కది ఆగదు కదా?

మాస్టారు: నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది అదేనమ్మా. మా అమ్మ చేతికర్రతో రోడ్డు దాటుతున్నప్పుడు ఒక బస్సు ఎంతో మర్యాదగా ఆగింది. దాని చాటున ఉన్న అమ్మ కనబడక, పక్కనుంచి దూసుకొచ్చిన మోటారు సైకిలు ఆమె కర్రను ఎగరగొట్టి పోయింది. గీతల ముందు ఏ బండి ఆగి ఉన్నా, దాని ముందు ఒక మనిషి ఉన్నాడనే అనుకోవాలి. మన దగ్గర హెడ్‌లైటు మిణుకుమనిపిస్తే ‘నేను ఆగను, నువ్వే ఆగు’ అని అర్థం. జీబ్రా గీతల దగ్గర ఆ అలవాటును నేను దౌర్జన్యంగానే చూస్తాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారే.

వ్యాఖ్యాత: హైదరాబాద్‌లో బటన్ నొక్కితే వాహనాలకు ఎర్రదీపం పడే పెలికాన్ సిగ్నళ్లు కొన్నిచోట్ల వచ్చాయి.

మాస్టారు: అవి మంచివే, కానీ ప్రతి వీధికీ రావు. నేను మాత్రం మొదటి రోజు ఎవరికీ స్టీరింగ్ ఇవ్వను; రద్దీగా ఉన్న జీబ్రా క్రాసింగ్ మీద, చెయ్యెత్తకుండా, పరుగెత్తకుండా అవతలికి వెళ్లి రమ్మంటాను. మొన్న ఒక అబ్బాయి చాలాసేపు నిలబడి వెనక్కి వచ్చి, “ఒక్కరూ ఆగడం లేదు మాస్టారూ” అన్నాడు. అతని పాఠాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టాను.