పిడి ఊడదీస్తేనే తెలిసేది: జపాన్ సైనిక కత్తిని గుర్తుపట్టడం ఎలా?

[షాట్: బల్ల మీద తెల్ల గుడ్డ, దాని మీద ఖాకీ రంగు లోహపు ఒరలో ఒక కత్తి]

నమస్తే అండి. జపాన్ కత్తి ఫొటో ఒకటి పంపి "బ్రో, ఇది ఒరిజినల్ సమురాయ్ కత్తేనా, ఎంత పలుకుతుంది?" అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ ఫొటోల్లో కనిపించేది పిడి, ఒర, మహా అయితే సగం దూసిన అలుగు, అంటే కత్తిలో కోసే లోహపు భాగం. అంతమాత్రం చూసి "ఇది నాలుగు వందల ఏళ్లనాటిది" అని చెప్పేశాడంటే అతను దాన్ని అమ్మే మనిషైనా అయ్యుండాలి, ఊహించి చెప్పేవాడైనా అయ్యుండాలి. ఈ కత్తుల్లో పైన పటారం లోన లొటారం కేసులు ఎన్నో, దానికి సరిగ్గా తిరగేసినవి కూడా అన్నే. పైన రెండో ప్రపంచ యుద్ధకాలపు చవక తొడుగు, లోపల ఎడో కాలపు (1603-1868) అలుగు. అందుకే ఈ హాబీలో సరదా.

ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి: అలుగు వేరు, తొడుగు వేరు. పిడి, ఒర, చేతికి దెబ్బ తగలకుండా అడ్డుండే గుండ్రటి బిళ్ల, దాన్ని త్సుబా అంటారు, ఇవన్నీ ఊడొచ్చే సామాన్లే. ఒకే అలుగు తరాలు మారేకొద్దీ తొడుగులు మార్చుకుంటూ వస్తుంది.

[షాట్: పాత తాచి (నడుముకి వేలాడదీసుకునే పొడవాటి జపాన్ కత్తి), దాని పక్కన ఆర్మీ ఆఫీసర్ కత్తి]

కొంచెం చరిత్ర, తొందరగా. 1876లో జపాన్‌లో మేజీ చక్రవర్తి ప్రభుత్వం సైన్యం, పోలీసులు తప్ప మిగతావాళ్లు బయట కత్తి పెట్టుకుని తిరగకూడదని ఆర్డర్ వేసింది. కత్తులు చేసే కమ్మరుల పొట్ట మీద కొట్టినట్టయింది. సైన్యం కూడా యూరప్ వాళ్లను చూసి సేబర్ మోడల్‌కి మారింది, పిడికిలి చుట్టూ లోహపు పట్టీ ఉండే రకం. 1930ల్లో జాతీయవాదం ముదిరాక మళ్లీ పాత రూపం మీద మోజు పుట్టింది, 1934లో టైప్ 94 పేరుతో పాత తాచి ఆకారంలో ఆఫీసర్ల కత్తి వచ్చింది. 94 అనే నంబర్ ఎక్కడిదంటే, జపాన్ తొలి చక్రవర్తి నుంచి లెక్కపెట్టే సంవత్సరాల్లో అది 2594. తర్వాత 1938లో టైప్ 98. ఈ రెండిటికీ చప్పున కనిపించే తేడా ఒర మీద ఉంటుంది: 94కి నడుముకి వేలాడదీసే రింగులు రెండు, 98కి ఒకటే. నేవీ వాళ్లది వేరే డిజైన్, వాళ్ల ఒర మీద నల్లటి లక్క పూతో, స్టింగ్‌రే చేప చర్మమో ఉంటుంది.

ఆఫీసర్లు కత్తి సొంత డబ్బుతో కొనుక్కోవాలి. ఇంట్లో ముత్తాతల నాటి అలుగు ఉన్నవాడు దాన్నే ఆర్మీ తొడుగులో బిగించుకున్నాడు, డబ్బున్నవాడు మంచి కమ్మరి దగ్గర చేయించుకున్నాడు, మిగతావాళ్లు షాపులో దొరికిన ఫ్యాక్టరీ సరుకు పట్టుకుపోయారు. మూడూ బయటినుంచి చూస్తే ఒకేలా ఉంటాయి!

సార్జెంట్ల సంగతి వేరు. వాళ్లకి ప్రభుత్వమే ఇచ్చింది, 1935 మోడల్, టైప్ 95. అది పూర్తిగా యంత్రం మీద చేసిన కత్తి. పిడి మీద అల్లిన తాడులా కనిపించేది నిజానికి తాడు కాదు, పోతపోసిన లోహం, దానికి రంగేశారు. యుద్ధం చివర్లో చెక్క పిడి కూడా వచ్చింది. అలుగు మీద నంబర్ కొట్టి ఉంటుంది, ఒర మీద కూడా అదే నంబర్ ఉంటే విలువ ఎక్కువ. దీని పిడి లోపల కమ్మరి సంతకం కోసం వెతక్కండి, ఉండదు. ఇందులో నకిలీలు కుప్పలు తెప్పలు, నంబర్ అంకెలు వంకరటింకరగా ఉన్నా, అల్లిక అచ్చు మొద్దుగా పోసినట్టున్నా అనుమానించాల్సిందే.

[దగ్గరి షాట్: పిడి మధ్యలో చిన్న వెదురు మేకు]

ఇప్పుడు అసలు పని. ఆఫీసర్ కత్తి పిడిలో ఒక చిన్న వెదురు మేకు కనిపిస్తుంది, మెకుగి అంటారు. అది ఒక వైపు సన్నగా, ఇంకో వైపు లావుగా ఉంటుంది, కాబట్టి సన్న వైపు నుంచి చిన్న చెక్కపుల్లతో నెమ్మదిగా తడితే బయటికొస్తుంది. ఎదురుగా కొడితే ఇంకా బిగుసుకుంటుంది. కొన్ని మిలిటరీ పిడుల్లో రెండు మేకులుంటాయి, కొన్నింట్లో స్క్రూ. మేకు తీశాక ఎడమ చేత్తో పిడి చివర పట్టుకుని, అలుగు పైకి కాస్త ఏటవాలుగా నిలబెట్టి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద చిన్నగా గుద్దాలి. అలుగు కొంచెం కదులుతుంది. మళ్లీ గుద్దాలి. కదిలాక వాదర, అంటే పదునైన అంచు వైపు చెయ్యి పోకుండా మొదట్లో ఉన్న ఇత్తడి కాలర్ దగ్గర పట్టుకుని బయటికి తీయాలి. రాకపోతే వదిలేయండి, ఎనభై ఏళ్లుగా తీయని పిడి బిగుసుకుపోయి ఉంటుంది, సుత్తి తీసుకుని మీద పడకండి ప్లీజ్.

[చాలా దగ్గరి షాట్: తుప్పు పట్టిన అలుగు తోక]

పిడి లోపల దాక్కున్న ఈ భాగం పేరు నకాగో, మనం తోక అనుకుందాం. చూడండి, నిండా తుప్పు. ఈ తుప్పే దీని ఆధార్ కార్డు. పాత అలుగు తోక నల్లటి గోధుమ రంగులో, చెయ్యి రాస్తే పొడి రాలకుండా, గట్టిపడిన పొరలా ఉంటుంది. యుద్ధకాలపు అలుగుకి బూడిద రంగు మీద అక్కడక్కడ ఎర్రని తుప్పు. నకిలీదానికి యాసిడ్ పోసి తెప్పించిన నారింజ రంగు తుప్పు, గరుగ్గా, అంతటా ఒకేలా. తుప్పు కింద ఆకురాయి గీతలు ఒక పద్ధతిలో, ఒకే వాలుతో కనబడాలి, వాటిని యసురిమె అంటారు, ఏ సంప్రదాయం కమ్మరి ఎలా గీస్తాడో దానికి లెక్కుంది. తోకలో ఒకటికి మించి రంధ్రాలుంటే ఈ అలుగు వేరే పిడుల్లో కూడా బతికిందని అర్థం, పొడుగ్గా ఉన్నదాన్ని తర్వాతి కాలంలో కింది నుంచి కత్తిరించి పొట్టి చేసి ఉండొచ్చు, అప్పుడు సంతకం కూడా ఆ ముక్కతో పోయుంటుంది. సంతకం లేదని చెత్త అనుకోకండి, చాలా గొప్ప పాత అలుగులకు సంతకం లేదు.

సంతకం ఉంటే? ఒక వైపు కమ్మరి పేరు, రెండో వైపు తేదీ ఉండొచ్చు. షోవా 17, అంటే హిరోహితో చక్రవర్తి పాలనలో 17వ ఏడు అని చదివితే 17కి 1925 కలపండి, 1942. పాత తేదీల్లో నెల ఎక్కువగా 2 లేదా 8 అని ఉంటుంది, అది ఒక ఆచారం, అదే నెలలో చేశాడని అనుకోనక్కర్లేదు. ఇక పెద్ద పేరు చూడగానే ఎగిరి గంతేయకండి. 17వ శతాబ్దపు పేరుమోసిన కమ్మరి కొతెత్సు పేరు మీద ఎన్ని దొంగ సంతకాలు ఉన్నాయంటే, "కొతెత్సు అని రాసుంటే ముందు దొంగదే అనుకో" అనే మాట పుట్టింది. దొంగ సంతకం చెక్కినవాడు కూడా రెండు వందల ఏళ్ల కిందటివాడే అయ్యుండొచ్చు, కాబట్టి అలుగు పాతదే, పేరు మాత్రం అబద్ధం.

యుద్ధకాలపు తోకల మీద ఇంకోటి చూడాలి, చిన్న ముద్రలు. కత్తుల తయారీకి పేరున్న సెకి అనే ఊరిపేరు అక్షరం, లేదా పువ్వు ఆకారంలో షోవా అక్షరం కనిపిస్తే అది మామూలుగా ఫ్యాక్టరీ పద్ధతి ఉక్కుతో, నూనెలో ముంచి చల్లార్చిన అలుగు, ఈ రకాన్ని "షోవా-తో" అంటారు, "తో" అంటే కత్తి. నక్షత్రం ముద్ర కనిపిస్తే కాస్త గుండె కొట్టుకోవచ్చు, సైన్యం ఆమోదించిన కమ్మరులు తమహగానె, అంటే ఇసుక ఇనుము నుంచి తీసే సంప్రదాయ ఉక్కుతో పాత పద్ధతిలో చేసిన వాటి మీద అది కొట్టేవారు. టోక్యోలో యాసుకుని మందిరం ఆవరణలోనే 1933 నుంచి 1945 దాకా కొలుములు పెట్టి ఎనిమిది వేలకు పైగా కత్తులు చేశారు, అవి కూడా సంప్రదాయ రకమే. జపాన్ వాళ్లు నడిపిన దక్షిణ మంచూరియా రైల్వే కంపెనీ కూడా కత్తులు చేసింది, నమ్మండి, రైల్వే వాళ్లే!

[షాట్: గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒకే బల్బు వెలుతురులో అలుగు]

ఇక అలుగు మీద వాదర వెంట మంచులా పరుచుకున్న తెల్ల గీత, హామొన్. మట్టి పూసి కాల్చి నీళ్లలో ముంచినప్పుడు వాదర గట్టిగా, వీపు మెత్తగా ఉండిపోవడంతో వచ్చే గుర్తు అది. ఒక్క బల్బు ఎదురుగా పట్టుకుని అలుగుని మెల్లగా అటూ ఇటూ వంచండి. నిజమైనదానిలో ఆ గీత లోపల సన్నని పొగమంచు, కొన్నింట్లో ఉప్పు పలుకుల్లాంటి మెరుపులు కదులుతాయి. యాసిడ్‌తో గీసినదైతే ఏ కోణంలో చూసినా చప్పగా ఒక పూతలా ఉండిపోతుంది. పైభాగంలో మడతపెట్టి సాగదీసిన ఉక్కు జీర, హాదా, కూడా చూడాలి, చెక్క మీది గీతల్లా సన్నగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో అమ్మే నకిలీల మీద ఆ గీతలు మరీ కళ్లలో గుచ్చుకునేలా, గళ్ల చొక్కాలా కనిపిస్తాయి. తెలంగాణలోని మన కోనసముద్రం వాళ్లు పూర్వం చేసి పర్షియా దాకా పంపిన ఉక్కుకీ దీనికీ పోలిక పెట్టేవాళ్లున్నారు, పద్ధతులు వేరు: అక్కడ మూసలో కరిగించినది, ఇక్కడ ఇసుక ఇనుముని బొగ్గుతో కొలిమిలో రోజుల తరబడి కాల్చి తీసినది. రెండిటి మీదా కనిపించే గీతలు వేర్వేరు కారణాల వల్ల వస్తాయి.

పొడవు కొలవడం కూడా చెప్పేస్తా. మొన నుంచి అలుగు వీపు మీద తోక మొదలయ్యే చోటి దాకా సరళరేఖలో కొలవాలి, వంపు వెంట కాదు. 60.6 సెంటీమీటర్లు దాటితే కటానా, 30.3 నుంచి అక్కడి దాకా వకిజాషి, ఇంకా చిన్నదైతే తాంతో.

[షాట్: గుడ్డ, చిన్న నూనె సీసా]

ఇప్పుడు ఒక గట్టి మాట. తోక మీద తుప్పు గీకకూడదు. అలుగు మీద ఉప్పు కాగితం, గ్రైండర్, పుట్టీ, చింతపండు, ఏదీ వద్దు. జపాన్‌లో అలుగు మెరుగు పెట్టడం ఏళ్ల తరబడి నేర్చుకునే ప్రత్యేక వృత్తి, రకరకాల రాళ్లతో వారాల పని. సాన పట్టే అంకుల్ దగ్గరికి తీసుకెళ్తే ఓ పూటలో అద్దంలా చేసిస్తాడు, కొన్ని వందల ఏళ్ల వయసున్న అలుగు దాంతో పోయినట్టే. అలుగుని వేళ్లతో ముట్టొద్దు, చెమట తుప్పు పట్టిస్తుంది. పల్చగా నూనె రాసి ఉంచితే చాలు. అక్కడ వాడే చోజీ నూనెలో సువాసన లవంగాలది, అసలు నూనె మినరల్ ఆయిల్. మన వంటగదిలో నూనె మాత్రం వద్దు, జిగటగా పట్టేస్తుంది. ఇంకోటి, ఫ్యాక్టరీ అలుగుని మెరుగు కోసం జపాన్ పంపాలనుకోకండి, అక్కడి చట్టం రిజిస్టర్ చేసేది సంప్రదాయంగా చేసినవాటినే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ కత్తులు ఎదురయ్యేది ఎక్కువగా ఎస్టేట్ సేల్స్‌లో, అంటే పోయినవాళ్ల ఇంటి సామాన్లు అమ్మే చోట. యుద్ధం అయ్యాక సైనికులు జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకున్నవి అవి. సర్టిఫికెట్ కావాలంటే 1948లో పెట్టిన ఎన్‌బీటీహెచ్‌కే (జపాన్ కళాత్మక కత్తుల పరిరక్షణ సంఘం) లాంటి జపాన్ సంస్థలు అలుగుని చూసి కాగితం ఇస్తాయి. ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం కొనకముందే చట్టం చూసుకోండి: 2016 ఆయుధ నిబంధనల జాబితాలో ఖడ్గాలు, 9 అంగుళాలకు మించిన అలుగున్న కత్తులు ఉన్నాయి, లైసెన్స్ సంగతి ప్రాంతాన్ని బట్టి మారుతుంది, కాబట్టి దగ్గరి పోలీసుల్ని అడిగి, కస్టమ్స్ సంగతి తేల్చుకున్నాకే ఆర్డర్ పెట్టండి. వందేళ్లు దాటినది మన దేశంలో ఉంటే పురావస్తువుల చట్టం వర్తించొచ్చు, బయటికి పంపడం కుదరకపోవచ్చు.

కొనకుండా చూడాలంటే హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, అక్కడి జపాన్ సేకరణలో కటానా, వకిజాషి ఉన్నాయి. ఒక్కటే లోటు, పిడి ఊడదీసి చూడనివ్వరు.