అంబాసిడర్ టాపెట్లు, తొమ్మిది లెక్క

శ్రోతలకు నమస్కారం. అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. కారు మాత్రం ఆగలేదు. ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉంది, చాలాసార్లు టకటకమంటూ తిరుగుతోంది. ఆ టకటక గురించే ఈ పూట నాలుగు మాటలు.

ముందు ఆయిల్ చూడండి. మట్టం తగ్గితే పైన ఉన్న రాకర్లకు, అంటే వాల్వులను నొక్కి తెరిచే చిన్న చేతులకు, ఆయిల్ సరిగా అందదు. ఆయిల్ సరిపోను ఉన్నా, బానెట్ ఎత్తగానే కుట్టు మిషన్ లాంటి చప్పుడు వినిపిస్తే టాపెట్లను, అంటే వాల్వులను నడిపే ఆ అమరికను, అనుమానించవచ్చు. రాకర్‌కూ, ఇంజిన్ దారులను మూసి తెరిచే వాల్వు కాడకూ మధ్య సందు పెరిగి, ప్రతిసారీ రాకర్ వచ్చి కాడను కొడుతోందన్న మాట.

అయితే నన్నడిగితే, చప్పుడు చేసే టాపెట్ కన్నా చప్పుడు చేయని టాపెట్‌కే ఎక్కువ భయపడాలి. సందు బొత్తిగా లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా సీటుకు, అంటే అది వచ్చి ఆనే గట్టుకు, అప్పగించేది మూసుకుని ఉన్నప్పుడే. మూసుకోకపోతే వాల్వు అంచు కాలిపోతుంది. అందుకే, అసలు శబ్దమే రాకూడదని మెకానిక్ ప్రాణం తీసేవారిని చూస్తే నాకు కాస్త చిరాకు.

ఇక నాకు ఎంతో ఇష్టమైన సంగతి, తొమ్మిది లెక్క. పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌కు వాల్వులు ఎనిమిది. రేడియేటర్ వైపు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇంజిన్‌ను చేత్తో తిప్పండి. ఎనిమిదో వాల్వు స్ప్రింగు పూర్తిగా నొక్కుకోగానే ఆగండి. ఇప్పుడు సరిచేయాల్సింది ఒకటో వాల్వు. ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. మూడోది నొక్కుకుంటే ఆరోది. మూడూ ఆరూ తొమ్మిది. అయిదోది నొక్కుకుంటే నాలుగోది. అదీ తొమ్మిదే. ఒకటి పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని జోడీ వాల్వును తెరిపించే క్యామ్ ఎత్తు, అంటే తిరిగే ఇరుసు మీది ఉబ్బు, సరిగ్గా అవతలి వైపుకు తిరిగి ఉంటుంది. సందు కొలవడానికి అదే అదను. కాగితం మీద ఏమీ రాసుకోనక్కర్లేదు, తొమ్మిది గుర్తుంటే చాలు.

సందు ఎంత ఉండాలో, వేడి మీద చూడాలో చల్లారాక చూడాలో బండి పుస్తకంలో ఉంటుంది. ఈ ఇంజిన్‌కు మెకానిక్కులు సాధారణంగా 15 థౌ అంటారు, అంటే అంగుళంలో వెయ్యికి 15 వంతులు. సందు కొలిచే పల్చటి ఫీలర్ గేజ్ రేకు సందులో కాస్త పట్టి పట్టి జారాలి. సందు సరిచేసే స్క్రూను పట్టి ఉంచే లాక్ నట్ బిగించేటప్పుడు ఆ స్క్రూ కదిలిపోతుంది కాబట్టి, బిగించాక మళ్లీ కొలవండి. బిగించాక మళ్లీ.

అంతా సరిచేశాక కూడా ఒకే చోట టక్కుమంటుంటే రాకర్ మొన చూడండి. అక్కడ గుంట పడితే, రేకు గుంటలోకి దిగక పైనే నిలిచి, సందు సరిగ్గానే ఉందని అబద్ధం చెబుతుంది. ఆ రాకర్‌ను మార్చవలసిందే.

ఇంకొక్క మాట. టాపెట్ కవర్ కింద ఆయిల్ కారకుండా వేసే గాస్కెట్ కొత్తది ముందే కొని పెట్టుకోండి. పాతదే మళ్లీ వేస్తే ఇంజిన్ పక్కలంతా ఆయిల్ కారుతుంది. సెలవు.